జెరెమీని పంపించేశారు

2022 వేసవిలో అమెరికా నార్త్ కరోలినాలోని క్యారీ ఊళ్ళో ఐదు తెలుగు ఇళ్ళ గరాజ్ తలుపులు తెరిచే కోడ్‌లు జెరెమీకి తెలుసు. కోవిడ్ వల్ల రెండేళ్ళు కదలకుండా కూర్చున్న మేమందరం ఆ ఏడాది ఒక్కసారిగా ఇండియా ప్రయాణం కట్టాం. నెలరోజులు ఇల్లు వదిలి వెళ్తే ఇంటి ముందు గడ్డి ఎండిపోకూడదు, మెయిల్‌బాక్స్ నిండి పొంగకూడదు, పెరట్లో కష్టపడి మొలిపించుకున్న గోంగూర చచ్చిపోకూడదు. దానికి నమ్మకమైన కుర్రాడు కావాలి. మా తెలుగు క్రైస్తవ సంఘంలో అలాంటి పని అనగానే అందరికీ గుర్తొచ్చేవాడు జెరెమీయే. పందొమ్మిదేళ్ళు. పెద్దగా మాట్లాడడు. ఆదివారం ఆరాధనకు ముందు కుర్చీలు వేసేది, ప్రొజెక్టర్ పెట్టేది వాడే. మా ఇంటి కోడ్ నేనే వాడి ఫోన్ తీసుకుని టైప్ చేసిచ్చాను.

ఆ కోడ్‌తోనే వాడు మా ఇంట్లోకి దొంగతనానికి వచ్చాడు. మూడేళ్ళ తర్వాత ఆ నేరానికే వాణ్ణి ఈ దేశం నుంచి సముద్రం దాటించారు. ఆరేళ్ళపాటు నేను వాడికి సండే స్కూల్ టీచర్ని. వాడి పేరు పోలీసులకు చెప్పింది కూడా నేనే. సంఘంలో ఈ కథను రకరకాలుగా చెప్పుకుంటారు. నాకు తెలిసింది నేను చెప్తాను.

వాడి తల్లి దీనమ్మ నర్సు. కాకినాడలో ఒక మిషన్ ఆసుపత్రిలో పదేళ్ళు చేసి, 2008లో ఇక్కడి ఆసుపత్రి పిలిస్తే వచ్చింది. మాలాగా హెచ్-వన్ వీసా పట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడటం వాళ్ళకు లేదు. నర్సు ఉద్యోగం కాబట్టి విమానం దిగేనాటికే ముగ్గురి చేతుల్లో గ్రీన్‌కార్డులున్నాయి. జెరెమీకి అప్పుడు ఐదేళ్ళు. వాళ్ళంత అదృష్టవంతులు లేరని మేం అనుకునేవాళ్ళం.

తండ్రి ఆమోసు గారు అలా అనుకోలేదు. కాకినాడలో ఆయన జూనియర్ కాలేజీ లెక్చరర్. బజార్లో ఎదురైతే కుర్రాళ్ళు సైకిల్ దిగి నమస్కారం పెట్టేవారట. ఇక్కడ ఆయనకు దొరికింది కిరాణా సామాన్ల గిడ్డంగిలో రాత్రి షిఫ్టు, పెట్టెలు ఎత్తి పేర్చే పని. ఆ పని గురించి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. రెండేళ్ళలో వెళ్ళిపోతాం అనే మాట మాత్రం ఆయన నోట నేను పదకొండేళ్ళు విన్నాను. ఐదేళ్ళు నిండాక పౌరసత్వానికి అప్లై చేద్దామని దీనమ్మ అన్నప్పుడు, వెళ్ళిపోయేవాళ్ళం ఈ దేశానికి ప్రమాణం చేయడం దేనికని ఆ కాగితాలు పక్కన పెట్టించారు. అప్పుడది మాలో ఎవరికీ పెద్ద విషయంగా తోచలేదు. తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలు, గ్రీన్‌కార్డు ఉండి పద్దెనిమిది నిండని బిడ్డ తనంతట తానే పౌరుడైపోతాడన్న సంగతి నాకూ చాలా తర్వాతే తెలిసింది.

2019 చివర్లో దీనమ్మ భర్తకు చెప్పకుండా అప్లై చేసింది. ఇంటర్వ్యూ 2020 ఏప్రిల్‌లో పడింది. మార్చిలో ఆఫీసులన్నీ మూతపడ్డాయి. ఆ నెలల్లో ఆమె కోవిడ్ వార్డులో పన్నెండు గంటల డ్యూటీలు చేస్తూ, ఇంటికొచ్చి గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని, కొడుక్కి దూరంగా కింద గదిలో పడుకునేది. ఇంటర్వ్యూ మళ్ళీ పిలిచి, ప్రమాణం చేయించేసరికి 2021 జనవరి వచ్చింది. జెరెమీకి అంతకు మూడు నెలల ముందు పద్దెనిమిది నిండిపోయాయి. ఇక వాడు సొంతంగా ఫారం నింపుకోవాలి. తల్లి చెప్తూనే ఉంది, వాడు ఓకే మామ్ అంటూనే ఉన్నాడు. తను పరాయి దేశంలో ఉన్నానని వాడికి ఎన్నడూ అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివాడు. ఇండియా రెండుసార్లే చూశాడు, రెండోసారి పదేళ్ళప్పుడు, అదీ నాయనమ్మ చనిపోతే.

హైస్కూల్ అయ్యాక కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. మొదటి సంవత్సరమంతా కంప్యూటర్ ముందే. లెక్కలు పోయాయి. మళ్ళీ కట్టాడు, మళ్ళీ పోయాయి. 2022 జనవరి నుంచి అసలు వెళ్ళడం మానేశాడు. ఇంట్లో చెప్పలేదు. లెక్చరర్‌గా బతికిన తండ్రికి ఆ మాట ఎలా చెప్పాలో వాడికి తెలియలేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి బ్యాగ్ తగిలించుకుని కార్‌లో బయల్దేరేవాడు. కొన్నాళ్ళు లైబ్రరీలో, కొన్నాళ్ళు షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో కార్‌లోనే కూర్చుని సాయంత్రం నాలుగింటికి ఇంటికి చేరేవాడు. శని, ఆదివారాల్లో ఒక పిజ్జా షాపులో పనిచేసేవాడు. అక్కడ పరిచయమైనవాడే ట్రావిస్. వాడికంటే మూడేళ్ళు పెద్ద, అప్పటికే ఒకసారి జైలుకెళ్ళొచ్చాడు.

జూన్‌లో మా ఇళ్ళు ఖాళీ అయ్యాయి.

మొదట మా ఇంట్లో ఊరికే కూర్చునేవాడట. మొక్కలకు నీళ్ళు పోసి, లోపలికొచ్చి, ఏసీ కూడా పెంచకుండా కార్పెట్ మీద పడుకునేవాడట. రెండు వారాలు అలా గడిచాయి. తర్వాత ఒకరోజు ట్రావిస్‌ని వెంట తీసుకొచ్చాడు. ట్రావిస్ ఇల్లంతా తిరిగి చూశాడు. మన ఇళ్ళల్లో బంగారం ఎక్కడుంటుందో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. బట్టల గదిలో, పైఅరలో, చీరల వెనక. మా అమ్మ రెండు పేటల గొలుసు, నా పెళ్ళి గాజులు, మా పాప చెవుల బుట్టలు పోయాయి. ఆ వారంలోనే అదే పద్ధతిలో మరో రెండిళ్ళు. అందులో ఒకటి మా వెనక వీధి రాగిణి వాళ్ళది. బంగారం కొనే దుకాణంలో అమ్మేశారు. పోలీసులు అక్కడికి వెళ్ళేసరికి అన్నీ కరిగిపోయాయి.

నేనప్పుడు రాజమండ్రిలో ఉన్నాను, మా ఆడపడుచు ఇంట్లో. ఎదురింటి అమెరికన్ ఆవిడ తన డోర్‌బెల్ కెమెరాలో పట్టపగలు మా గరాజ్‌లోంచి ఇద్దరు బయటికి రావడం చూసి పోలీసులకు ఫోన్ చేసింది. డిటెక్టివ్ ఆ వీడియో మాకు ఈమెయిల్ చేశాడు. ఇద్దరికీ టోపీలు, మాస్కులు. మొహాలు కనపడవు. మా ఆయన దివాకర్, నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మూడుసార్లు చూశాం. మూడోసారి నాకు తెలిసిపోయింది. జెరెమీ పన్నెండేళ్ళప్పుడు సండే స్కూల్ పిక్నిక్‌లో మడమ విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. ఆ తర్వాత ఎడమకాలు కొంచెం బయటికి తిప్పి వేస్తాడు.

దివాకర్ ఒకరోజు ఆగమన్నాడు. ముందు దీనమ్మతో మాట్లాడదాం అన్నాడు. నేను ఆగలేదు. అమ్మ చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కరోనాలో పోయింది, కడసారి చూపుకు కూడా రాలేకపోయాను. ఆ గొలుసొక్కటే నా దగ్గర మిగిలింది. కోపంలో ఉన్నాను. డిటెక్టివ్‌కి ఫోన్ చేసి వాడి పేరు, వాళ్ళ ఇంటి అడ్రసు చెప్పాను. పేరులో స్పెల్లింగ్ కూడా సరిచేశాను.

నేను చెప్పకపోయినా దొరికేవాడే, మూడిళ్ళ కోడ్‌లూ తెలిసినవాడు వాడొక్కడే కదా అని తర్వాత చాలామంది అన్నారు. నిజమే కావచ్చు.

మరుసటి రోజు పొద్దున వాణ్ణి ఇంటి దగ్గరే పట్టుకున్నారు. పోలీసులు అడిగినదానికి ఏదీ దాచలేదట. ట్రావిస్ మాత్రం లాయరు వచ్చేదాకా నోరు విప్పలేదు. మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో అందరూ గరాజ్ కోడ్‌లు మార్చుకోండి అని పెట్టారు. పేరు రాయలేదు. రాయకపోయినా అందరికీ తెలిసింది. దీనమ్మ, ఆమోసు గారు ఒక ఆదివారం వచ్చి ఎప్పటిలా మూడో వరసలో కూర్చున్నారు. వాళ్ళ పక్క కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. ఎవరూ వెలివేయలేదు, ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత వాళ్ళు రావడం మానేశారు.

మేం తిరిగొచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం, జెరెమీ మా ఇంటి ముందు కనిపించాడు. బెయిల్ మీద ఉన్నాడు. గుమ్మం దాకా రాలేదు, మెయిల్‌బాక్స్ దగ్గరే నిలబడ్డాడు. నేను బయటికి వెళ్ళాను.

"మీతో మాట్లాడకూడదంట ఆంటీ. లాయర్ చెప్పింది. జస్ట్ టూ మినిట్స్."

ఎందుకు చేశావురా అని అడిగాను.

"కాలేజ్ మానేశాను. మామ్‌కి చెప్పలేదు. డే అంతా ఎక్కడికి వెళ్ళాలో తెలీలేదు ఆంటీ. మీ హౌస్ క్వైట్‌గా ఉంది. ఫస్ట్‌లో ఊరికే కూర్చున్నా. ఏమీ టచ్ చెయ్యలేదు."

"మరి ఆ ట్రావిస్‌ని ఎందుకు తెచ్చావు?"

"ఒక్కడినే ఉన్నాను కదా. రోజూ ఒక్కడినే. వాడు మాట్లాడతాడు." తర్వాత అన్నాడు, "చెయిన్ మీ మామ్‌ది అని నాకు తెలీదు. ట్రావిస్ తీశాడు. బట్ డోర్ నేను ఓపెన్ చేశాను. సో నేనే చేసినట్టు."

లోపలికి రమ్మని నేను పిలవలేదు. వాడూ ఎదురుచూడలేదు. కార్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కోపం తగ్గింది. కేసు వెనక్కి తీసుకుంటానని నేను ప్రాసిక్యూటర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి మనిషి మర్యాదగానే చెప్పింది: ఈ కేసు మీది కాదు, రాష్ట్రానిది.

2023 ఫిబ్రవరిలో రాలీ కోర్టులో జెరెమీ నేరం ఒప్పుకున్నాడు. పదిహేను నిమిషాల్లో అయిపోయింది. ఆరు నుంచి పదిహేడు నెలల శిక్ష రాశారు, కానీ జైలుకు పంపలేదు. రెండేళ్ళు ప్రొబేషన్, అంటే బయటే ఉండి నెలనెలా ఆఫీసులో కనిపించాలి అన్నారు. వాడి తరఫున సర్కారు ఇచ్చిన లాయరు చివర్లో, పౌరుడు కాదు కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా ఒకసారి కలవండి అని చెప్పిందట. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ రోజు నేనూ వెళ్ళాను, వెనక కూర్చున్నాను. బయట పార్కింగ్‌లో దీనమ్మ నన్ను చూసి దగ్గరికొచ్చింది. ఏడు నెలల తర్వాత అదే మొదటిసారి మాట్లాడటం.

"జైలు లేదంట జోసఫిన్. సస్పెండెడ్ అంట. దేవుడు మేలు చేశాడు," అని నా చెయ్యి పట్టుకుంది. నేనే వాడి పేరు చెప్పానని అప్పటికామెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

రెండేళ్ళు వాడు బుద్ధిగా ఉన్నాడు. ఒక తోటపని కంపెనీలో చేరి ఆకులు ఊడ్చాడు, గడ్డి కోశాడు. ట్రావిస్ జైల్లో ఉన్నాడు. నెలనెలా ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలిసి సంతకం పెట్టొచ్చేవాడు. నెమ్మదిగా మళ్ళీ చర్చికి రావడం మొదలుపెట్టి, అందరికంటే వెనక కూర్చుని, దీవెన అవ్వగానే వెళ్ళిపోయేవాడు. కుర్చీలు వేసే పని మాత్రం ఎవరూ మళ్ళీ అప్పగించలేదు, వాడూ అడగలేదు.

2025 ఫిబ్రవరిలో, చివరి సంతకానికి వెళ్ళిన రోజు, ఆ ఆఫీసు హాల్లో ఇద్దరు ఇమిగ్రేషన్ అధికారులు మామూలు దుస్తుల్లో కూర్చుని ఉన్నారు. వాడి పేరు అడిగి, సంకెళ్ళు వేసి తీసుకెళ్ళారు. దీనమ్మ డ్యూటీలో ఉంది. సాయంత్రం ఫోన్ చూసుకుంటే తెలియని నంబర్ నుంచి నాలుగు మిస్‌డ్ కాల్స్. కొడుకు ఎక్కడున్నాడో తెలియడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. జార్జియా రాష్ట్రంలో, అలబామా సరిహద్దు దగ్గర, ఒక ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రంలో.

అప్పుడు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ కాగితాలు తిరగేసి, చాలా నెమ్మదిగా చెప్పింది. జైల్లో ఒక్క రోజు ఉన్నాడా లేదా అన్నది ఈ చట్టానికి పట్టదు. కాగితం మీద శిక్ష ఎంత అన్నదే లెక్క. దొంగతనానికి ఏడాది, ఆపైన పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాడినైనా పంపించేస్తారు, దయ చూపే వీలు జడ్జికి కూడా ఉండదు. ఒప్పుకునే ముందు నా దగ్గరికి వచ్చుంటే ఏడాదికి ఒక్క రోజు తక్కువ ఉండేలా ప్రయత్నించేవాళ్ళం అంది. పాత తీర్పు తిరగదోడమని ఒక అర్జీ వేసింది. దానికి జవాబు వచ్చేసరికి వాడు ఈ దేశంలో లేడు.

మార్చిలో దీనమ్మను నేనే కార్‌లో తీసుకెళ్ళాను. తొమ్మిది గంటల దూరం. సౌత్ కరోలినా దాటాక నేను పెట్రోల్ కోసం ఆగి, కార్‌లో కూర్చోకముందే చెప్పేశాను, వీడియో చూసి జెరెమీ పేరు పోలీసులకు ఇచ్చింది నేనేనని. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"వాడు దొంగతనం చేసిన మాట నిజమే కదా జోసఫిన్," అంది. కార్ మళ్ళీ హైవే ఎక్కాక, "నాకైతే ముందు ఫోన్ చేసి ఉండాల్సింది," అంది. అంతకుమించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

అద్దానికి ఇవతల మేము, అవతల వాడు. మధ్యలో ఫోన్ రిసీవర్. బరువు తగ్గాడు. మెడ మీద ఎర్రటి దద్దుర్లు. దీనమ్మ ఏడవలేదు. వార్డులో పేషెంట్‌ని చూసినట్టే చూసింది. చేతులు చూపించమంది, నాలుక చూపించమంది, నీళ్ళు ఎన్నిసార్లు తాగుతున్నావని అడిగింది. వాడు అన్నిటికీ ఓకే అన్నాడు. ఒక గదిలో అరవై మంది ఉన్నామని, పక్క మంచం ఆయన గ్వాటెమాలా నుంచి అని, ఆయన స్పానిష్‌లో ప్రార్థన చేస్తుంటే తనకు నిద్ర పడుతుందని చెప్పాడు. లేచేముందు తల్లితో అన్నాడు:

"మామ్, అక్కడికి పంపిస్తే నేను ఏం చెయ్యాలి? నాకు ఎవరూ తెలీదు."

"నేనొస్తాను నాన్నా," అంది దీనమ్మ.

విచారణ ఏప్రిల్‌లో, వీడియోలో జరిగింది. తెలుగు దుబాసీ కావాలా అని జడ్జి అడిగాడు. అక్కర్లేదు, తనకు ఇంగ్లీషే వచ్చు, తెలుగు సరిగా రాదని జెరెమీ చెప్పాడు. ఇండియా పౌరుడివేనా, ఈ శిక్ష పడింది నీకేనా అని అడిగితే రెండిటికీ అవునన్నాడు. దొంగతనం జరిగిన ఇంటి యజమానురాలిగా నేను రాసిన ఉత్తరాన్ని లాయరు చదివింది. జడ్జి శ్రద్ధగానే విన్నాడు. తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. పంపించేయమని ఆర్డరు వేశాడు.

ఆ వారంలో ఆమోసు గారు మా ఇంటికి వచ్చారు. అంతకుముందు ఎన్నడూ ఒంటరిగా రాలేదు. వాకిట్లో కుర్చీలో కూర్చుని, కాఫీ ఇస్తే వద్దన్నారు. ఎక్కడ చూసినా కొడుకును తిట్టే మనిషి అని పేరు ఆయనకు. ఆ రోజు తిట్టలేదు.

"సంతకం పెట్టొద్దన్నది నేనమ్మా," అన్నారు. "దీనమ్మ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. వాడికప్పుడు పదకొండేళ్ళు. పక్కన కూర్చుని పాలల్లో సీరియల్ వేసుకుని తింటున్నాడు. వెళ్ళిపోదామనుకున్నది నేను కదా. నన్ను పంపించొచ్చు కదా."

దివాకర్ ఏదో సర్దిచెప్పబోతే ఆయన లేచి వెళ్ళిపోయారు.

ఎప్పుడు పంపిస్తారో ఎవరికీ ముందు చెప్పరు. జూలై మధ్యలో ఢిల్లీ నుంచి, ఎవరిదో అడిగి తీసుకున్న ఫోన్‌లో, దీనమ్మకు కాల్ వచ్చింది. ఫిబ్రవరిలో పట్టుకున్నప్పటి దళసరి స్వెట్‌షర్ట్‌తోనే దింపారు. చేతిలో ఒక వల సంచి, అందులో ఆగిపోయిన ఫోన్, వాలెట్, డ్రైవింగ్ లైసెన్స్. ఆమోసు గారి పినతల్లి కొడుకు సత్యానందం గారు కాకినాడ నుంచి ఢిల్లీ వెళ్ళి తీసుకొచ్చారు. రైల్లో రెండు రోజులూ పైబెర్తు దిగలేదని, పెట్టింది తినేవాడని, ఏ స్టేషన్ వచ్చినా ఇది ఎక్కడ అని అడిగేవాడని ఆయన నాతో తర్వాత అన్నారు.

తెలుగు అక్షరాలు రాని వాడు ఆ ఊళ్ళో ఏమీ చదవలేడు. బస్సు బోర్డు చదవలేడు. కొట్లో పేరు చూసి వస్తువు తీసుకోలేడు. ఆధార్ లేదు. ఆధార్ లేనిదే సిమ్ కార్డు లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఉద్యోగం లేదు. చేతిలో ఉన్నది ఒకేసారి దేశంలోకి రావడానికి ఇచ్చిన కాగితం. దానికి ఆధార్ ఇవ్వం అన్నారు. పాత పాస్‌పోర్టు చెల్లదు. కొత్తదానికి అడ్రసు రుజువు కావాలి, అడ్రసుకు ఆధార్ కావాలి. సత్యానందం గారు ఆఫీసుల చుట్టూ తిప్పారు. నెల తిరిగేసరికి ఆయన కూతురికి సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు, ఇంట్లో ఉన్న ఆ కుర్రాడెవరు, అమెరికా నుంచి ఎందుకొచ్చేశాడు అని ఆరా తీశారు. ఆయన చెడ్డవాడు కాదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, తాళ్ళరేవు వైపు రొయ్యల ప్లాంటులో తెలిసిన మేస్త్రీ ఉన్నాడని, అక్కడ కాగితాలు అడగరని, ఉండటానికి షెడ్డు కూడా ఇస్తారని చెప్పారు. జెరెమీ ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాడు.

రొయ్యలు ఒలిచేది ఆడవాళ్ళు. మగవాళ్ళకు కోల్డ్ స్టోర్‌లో పని. గడ్డకట్టిన దిమ్మలను పెట్టెల్లో పెట్టి, బళ్ళ మీద తోసి, కంటైనర్‌కి ఎక్కించాలి. గది మైనస్ పద్దెనిమిది డిగ్రీలు, బయట ఎండ ముప్పై ఎనిమిది. జర్కిన్లు నలుగురికి రెండు. ఆ పెట్టెల మీద అమెరికా దుకాణాల పేర్లుండేవి, వాడు చిన్నప్పటి నుంచి తల్లితో వెళ్ళిన దుకాణాలే. అక్కడ వాడి పేరు ఎవరికీ పట్టలేదు. అమెరికా అని పిలిచేవారు. మొదట వెక్కిరింపుగా, తర్వాత అలవాటుగా. ఆగస్టు చివర్లో అమెరికా సుంకాలు పెంచి, ఆర్డర్లు పడిపోయి, వారానికి రెండు రోజులే పని ఉండేది. మిగతా రోజులు షెడ్డులో పడుకునేవాడు.

అక్టోబరులో డెంగ్యూ వచ్చింది. జ్వరమని ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు షెడ్డులో పడిపోతే తోటివాళ్ళు ఆటోలో ఎక్కించి పెద్దాసుపత్రిలో దింపి వెళ్ళారు. మంచం దొరక్క వరండాలో పడుకోబెట్టారు. పేరు అడిగితే చెప్పాడు, ఊరు అడిగితే నార్త్ కరోలినా అన్నాడట. జ్వరంలో పలవరిస్తున్నాడనుకుని వాళ్ళు రాసుకోలేదు. రెండు రోజులకు జేబులో కాగితం మీదున్న సత్యానందం గారి నంబర్ ఒక నర్సు చూసింది.

దీనమ్మకు సెలవు దొరకలేదు. ఆమోసు గారు ఆ గిడ్డంగి ఉద్యోగం మానేసి, నవంబరు మొదటివారంలో విమానం ఎక్కారు. పదిహేడేళ్ళ నుంచి వెళ్ళిపోతాననే మనిషి అలా వెళ్ళారు. కాకినాడ జగన్నాయకపురంలో రెండు గదులు అద్దెకు తీసుకుని కొడుకును ఇంటికి తెచ్చుకున్నారు.

ఈ జనవరిలో నేను వెళ్ళి చూశాను. మేడ మీద గదులు. ఆమోసు గారు లుంగీ కట్టుకుని పప్పు తాలింపు పెడుతున్నారు. ఆయన వండగా నేనెప్పుడూ చూడలేదు. జెరెమీ చాపమీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు, చేతివేళ్ళ చివర్లు కోల్డ్ స్టోర్ చలికి పగిలి నల్లబడ్డాయి. లేచి వందనాలు ఆంటీ అన్నాడు. తెలుగు మారింది. ప్లాంటు యాస వచ్చింది. ఇంగ్లీషు నేను మొదలుపెడితే తప్ప మాట్లాడలేదు. తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోరు. కంచాలు పెట్టడం, నీళ్ళు పట్టడం, తలుపు గడియ వేయడం, అన్నీ మాటల్లేకుండా జరిగిపోతున్నాయి.

భోజనాలయ్యాక డాబా మీద జెరెమీ, నేను ఇద్దరమే నిలబడ్డాం. వీడియో సంగతి చెప్పబోయాను.

"తెలుసు ఆంటీ," అన్నాడు. "డిటెక్టివ్ ఫస్ట్ రోజే చెప్పాడు, మీ టీచర్ నీ నడక గుర్తుపట్టింది అని. మీ ఇంటికి వచ్చినప్పుడు కూడా తెలుసు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. జార్జియాలో బాగా వచ్చింది," అన్నాడు. "ఇప్పుడు ఎవరిమీద అని పెట్టుకోను? వదిలేయండి."

వదిలేయమన్నాడు కానీ, క్షమించాననలేదు. నేనూ అడగలేదు.

ఏమైనా కావాలా అంటే ఒక్కటే అడిగాడు. హైస్కూల్ సర్టిఫికెట్ కావాలి, ఇక్కడ చెల్లేలా ప్రభుత్వ ముద్ర వేయించి పంపగలరా అని. తండ్రి తోడుండటంతో అద్దె ఒప్పందం చూపించి ఆధార్‌కి పెట్టారు, అది వచ్చేలా ఉంది. వైజాగ్‌లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు ఉద్యోగాలున్నాయని విన్నాడట.

తిరిగొచ్చిన వారంలోనే స్కూలుకి వెళ్ళాను. రాలీలో ముద్ర వేయించి కొరియర్ చేశాను. మార్చిలో అందిందని మెసేజ్ పెట్టాడు. ఏప్రిల్‌లో వైజాగ్ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంగ్లీషు చాలా బాగుందన్నారట. అక్కడే పెరిగినవాడివి, ఎందుకొచ్చేశావని అడిగారట. ఏం చెప్పావని నేను రాశాను.

ఉన్నది చెప్పాను ఆంటీ, అని జవాబిచ్చాడు.

వాళ్ళు మళ్ళీ పిలవలేదు. రొయ్యల ప్లాంటులో ఆర్డర్లు కొంచెం పెరిగాయని, వారానికి ఐదు రోజులు పని ఉంటోందని ఆమోసు గారు మొన్న ఫోన్‌లో చెప్పారు. జెరెమీ పొద్దున ఆరింటి బస్సుకు తిరిగి ప్లాంటుకే వెళ్తున్నాడు.